వాడిన సూది ఎక్కడికి పోతున్నది? గాజు సిరంజి నుంచి ఇంటి చెత్తబుట్ట దాకా

ఇన్సులిన్ వేసుకునే మధుమేహ రోగులు ఇప్పటికీ నన్ను కలిసినప్పుడు ఎన్నో సందేహాలు అడుగుతారు. ఎన్ని యూనిట్లు వేసుకోవాలి, అన్నానికి ఎంత ముందు వేసుకోవాలి, ఫ్రిజ్ లేని ఇంట్లో సీసాను ఎక్కడ దాచుకోవాలి, ఊరికి పోయేటప్పుడు ఎలా తీసుకుపోవాలి అని. వాడిన సూదిని ఏం చేయాలి అని అడిగినవారు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినంత మంది. నేనే తిరిగి ప్రశ్నిస్తే, "చెత్తలో వేస్తాము సార్" అంటారు. కొందరు "కాలువలో" అంటారు, మరికొందరు నవ్వి ఊరుకుంటారు. ముత్తుకూరు వంటి సముద్రతీరపు ఊళ్లో ఆ చెత్త ఎవరి చేతి మీదుగా పోతుందో, ఆ కాలువ ఎక్కడ కలుస్తుందో మనకందరికీ తెలిసిన విషయమే. అయినప్పటికీ ఆ ప్రశ్న మనకు తోచదు. ఎందుకు తోచదో అర్థం కావాలంటే, పాఠకులారా, సూది చరిత్రలోకి కొంత వెనక్కు పోవలసి ఉంటుంది. ఒకప్పుడు ఈ దేశంలో వాడిన సూది పారవేయవలసిన వస్తువే కాదు.

ఇంజెక్షన్‌ను మన పెద్దలు సూదిమందు అన్నారు. చక్కని మాట. మింగేది మందు, సూదితో ఎక్కించేది సూదిమందు. లోపల బోలుగా ఉండే సూదితో మందును చర్మం కిందికి పంపే పద్ధతిని 1844లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో ఫ్రాన్సిస్ రిండ్ అనే వైద్యుడు మొదలుపెట్టారు. ముఖంలో భరింపరాని నరాలపోటుతో బాధపడుతున్న ఒక స్త్రీకి ఆయన నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్‌ను ఆ విధంగా ఇచ్చారు. రిండ్ సాధనానికి పిస్టన్ లేదు, మందు తనంత తానుగా లోపలికి జారేది. 1853 ప్రాంతంలో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్సులోని లియాన్‌లో షార్ల్ ప్రవాజ్ ఎవరికి వారుగా సూదికి సిరంజిని జతచేశారు. నేటి సిరంజికి మూలరూపం అదే. ఆ తరువాత నూరేళ్లపాటు సిరంజి అంటే గాజు, లోహం. ఖరీదైన వస్తువు, జాగ్రత్తగా కాపాడుకోవలసిన వస్తువు.

మా తరం వైద్యులు చదువుకున్నది, ఉద్యోగాల్లో చేరినది ఆ గాజు సిరంజీల కాలం చివరి భాగంలో. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉదయం తలుపు తీయగానే మొదటి పని స్టెరిలైజరు కింద కిరోసిన్ స్టవ్ వెలిగించడం. గొట్టాన్నీ పిస్టన్‌నూ విడదీసి, గుడ్డలో చుట్టి, సూదులను వేరుగా పెట్టి, నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి ఇరవై నిమిషాలు లెక్కపెట్టాలి. ఒక గొట్టానికి ఒక పిస్టనే సరిపోతుంది. అందుకే రెండింటి మీదా ఒకే అంకె చెక్కి ఉండేది. జత తప్పితే మందు వెనక్కి కారుతుంది. సూది రంధ్రం మూసుకుపోకుండా అందులో సన్నని తీగ దూర్చి ఉంచేవారు. నాలుగు రోజులు వాడేసరికి మొన మొద్దుబారేది, దానిని చిన్న సానరాయి మీద పదును పెట్టేవారు. పదును సరిగా కుదరకపోతే మొన కొక్కెంలా వంగి, బయటికి తీసేటప్పుడు కండను పట్టి లాగేది. ఆనాటి పిల్లలు తెల్లకోటు కనబడితే పరుగు తీసేవారంటే తప్పు వారిది కాదు.

ఇంకొక విషయం ఈనాటి వారికి వింతగా తోస్తుంది. ఆ సూదులు స్టాకు రిజిస్టరులో ఉండేవి. సిరంజి పగిలితే పగిలిన ముక్కలను దాచి ఉంచాలి. పై అధికారి వచ్చి చూసి, పనికిరానిదని సంతకం చేసిన తరువాతనే దానిని లెక్కలోనుంచి తీసివేయాలి. ఆ పద్ధతిని చూసి మేము విసుగుకున్న మాట నిజమే. కాని ఒక్కటి గమనించండి: ఆ కాలంలో ప్రభుత్వ ఆస్పత్రిలోని ప్రతి సూదికీ ఒక లెక్క ఉంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో కాగితం మీద ఉంది. ఇప్పుడు మన ఇళ్లలో వాడే సూదులకు అటువంటి లెక్క ఏదీ లేదు.

గ్రామాల్లోకి పెద్ద ఎత్తున సూది ప్రవేశించింది టీకాల ద్వారా. క్షయకు బీసీజీ టీకాను 1948లో మన దేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి కేంద్రాలలో మన మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి క్షయరోగులకు దిక్కుగా నిలిచిన సంస్థ. ఆ టీకా తయారయ్యే ప్రయోగశాల మద్రాసులోని గిండీలో ఏర్పడింది. మశూచిని తరిమిన సూది వేరొక రకం. రెండు మొనలతో చిన్న ఫోర్కు ఆకారంలో ఉండే ఆ సూదిని మందులో ముంచి చర్మం మీద పదిహేనుసార్లు గుచ్చేవారు. సాయంత్రానికి వాడినవన్నీ ఒక డబ్బాలో చేరేవి. వాటిని మరగబెట్టి మరునాడు మళ్లీ వాడేవారు. 1975 మే నెల తరువాత దేశంలో మశూచి కేసు లేదు. అంత గొప్ప విజయం పారవేసే సూది ఒక్కటీ లేకుండానే సాధ్యమైంది. మరగబెట్టే నియమాన్ని నిష్ఠగా పాటించినంత కాలం ఆ పద్ధతి నడిచింది. పాటించని చోట ఒకరి రక్తంలోని జబ్బు మరొకరికి చేరింది. ఆ రోజుల్లో దానిని పరీక్షించి పట్టుకునే సాధనాలు మన పల్లెల్లో లేవు.

ఆస్పత్రి వస్తువైన సూదిని ఇంట్లోకి తెచ్చినది ఇన్సులిన్. కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ 1921లో దానిని వెలికితీశారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలుడికి తొలిసారి ఇచ్చారు. అంతకు ముందు వైద్యుడే సూది వేయాలి. ఇన్సులిన్ వచ్చాక రోజుకు రెండుసార్లు, మూడుసార్లు, జీవితాంతం వేసుకోవాలి. ఏ వైద్యుడు అన్నిసార్లు ఇంటికి వస్తాడు? కనుక రోగి చేతికే సిరంజి ఇచ్చి నేర్పవలసి వచ్చింది. 1924లోనే ఇన్సులిన్ కోసం ప్రత్యేకమైన సిరంజి అమెరికాలో తయారైంది. మన దగ్గర కూడా గాజు సిరంజిని వంటింట్లో చిన్న గిన్నెలో మరగబెట్టుకొని, స్పిరిటులో ఉంచి, ఏళ్ల తరబడి అదే వాడుకున్న కుటుంబాలు ఉన్నాయి. అప్పటికీ పారవేసే ప్రశ్న రాలేదు. ఒక ఇంటికి ఒక సిరంజి, రెండు మూడు సూదులు.

ఆ తరువాత ప్లాస్టిక్ వచ్చింది. 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాను లక్షలాది పిల్లలకు వేసి పరీక్షించినప్పుడు, ఒక్కసారి వాడి పారవేసే గాజు సిరంజీలను పెద్ద సంఖ్యలో తయారుచేశారు. 1956లో న్యూజిలాండులోని టిమారు పట్టణానికి చెందిన కాలిన్ మర్డాక్ ప్లాస్టిక్ సిరంజికి పేటెంటు తీసుకున్నారు. ఆయన మందుల దుకాణదారుడు, పశువైద్యుడు. ఒక పశువు జబ్బు మరో పశువుకు సిరంజి ద్వారా సోకుతున్నదని గమనించి ఆయన ఈ ఆలోచన చేశారు. 1960ల ఆరంభానికి ప్లాస్టిక్ సిరంజీలు మార్కెట్లో నిలదొక్కుకున్నాయి. సూది ధర పడిపోయింది. ధర పడిపోయిన వస్తువుకు లెక్క ఉండదు.

మన దక్షిణాదిలో ఈ మార్పు వేగం అందుకున్నది 1986 తరువాత. ఆ సంవత్సరం మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ మార్గదర్శకత్వంలో సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను వేలూరులో పరీక్షించినప్పుడు, దేశంలోనే తొలిసారిగా హెచ్ఐవీ బయటపడింది. మద్రాసు మనకు ఎంత దూరం? నెల్లూరు నుంచి ఉదయం రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరే ఊరు. ఆ భయం కొద్ది సంవత్సరాల్లోనే మన కోస్తా పల్లెలకు పాకింది. "డిస్పోజబుల్" అన్న ఆంగ్లపదం చదువురాని వారి నోట కూడా పలికింది. రోగి తానే మందుల దుకాణంలో కొత్త సిరంజి కొని, కవరు విప్పకుండా డాక్టరు చేతికి ఇచ్చే ఆచారం మొదలైంది. మంచి ఆచారమే. అయితే ఆ భయమంతా సూది శరీరంలోకి దిగే వరకే. తన ఒంట్లోనుంచి బయటికి వచ్చిన సూది మరొకరి పాలిట ఏమవుతుందన్న ఆలోచన ఆ భయంలో లేదు. మన ప్రచారాల్లోనూ దానికి తగినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం.

మనవారికి సూదిమందు మీద ఉన్న మోజు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మాత్ర రాసిస్తే "సూది వెయ్యరా?" అని అడిగే రోగిని చూడని వైద్యుడు నెల్లూరు సీమలో ఉండడు. 2003, 2004 సంవత్సరాల్లో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం భారతదేశంలో ఏటా దాదాపు 300 కోట్ల ఇంజెక్షన్లు ఇస్తున్నారనీ, వాటిలో 60 శాతానికి పైగా ఏదో ఒక విధంగా సురక్షితం కానివనీ తేల్చింది. ఆ తరువాత 2009లో గుజరాత్‌లోని మోడాసా పట్టణ ప్రాంతంలో హెపటైటిస్ బి ఒక్కసారిగా విజృంభించి పదుల సంఖ్యలో ప్రాణాలు తీసింది. వాడిన సిరంజీలను మళ్లీ వాడడమే కారణమని విచారణలో వెల్లడైంది. వాడిన సిరంజీలు మళ్లీ చలామణిలోకి వస్తున్న సంగతి కూడా అప్పుడే దేశం దృష్టికి వచ్చింది. పారవేసిన సూది మట్టిలో కలిసిపోదు. దానిని ఎవరో ఒకరు ఏరుకుంటారు, ఎవరో ఒకరు కొంటారు.

సముద్రతీరంలో ఉండేవారు తెలుసుకోదగిన మరొక ఘట్టం అమెరికాలో జరిగింది. 1987, 1988 వేసవుల్లో న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాలకు అలలతో పాటు వాడిన సిరంజీలు కొట్టుకొచ్చాయి. స్నానాలకు వచ్చినవారు పారిపోయారు, బీచీలు మూతపడ్డాయి, తీరం మీద ఆధారపడిన వ్యాపారం దెబ్బతిన్నది. పత్రికలు దానికి సిరంజి పోటు అని పేరు పెట్టాయి. నగరపు చెత్త నీటిలోకి జారడమే అందుకు ముఖ్యకారణమని తేలింది. 1988 నవంబరులో అమెరికా ప్రభుత్వం వైద్య వ్యర్థాల జాడను పట్టి ఉంచే చట్టం చేసింది. మనకు ఆ పోటు రాలేదు. కాని మన పరిస్థితిని చూడండి. ఒక వైపు బకింగ్‌హామ్ కాలువ, మరొక వైపు కృష్ణపట్నం వద్ద సముద్రంలో కలిసే కండలేరు క్రీకు, నడుమ రొయ్యల గుంటలు, వాటికి నీళ్లు తోడే కాలువలు. ఇక్కడ నీటిలో వేసినది ఎక్కడో పోదు. వల లాగే చేతికో, గుంటలో దిగిన కాలికో తగులుతుంది.

మన దేశంలో చట్టం ఆలస్యంగా వచ్చింది, వచ్చినది కూడా న్యాయస్థానం తోసిన మీదటనే. ఢిల్లీ చెత్త గురించి బి.ఎల్. వధేరా వేసిన వ్యాజ్యంలో 1996 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆస్పత్రుల వ్యర్థాలను కూడా పట్టించుకున్నది. 1998 జూలైలో జీవవైద్య వ్యర్థాల నిబంధనలు వెలువడ్డాయి. ఆస్పత్రి వ్యర్థాలను ఒకచోట చేర్చి శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రాలు దేశంలో ముందుగా మొదలైన చోట్లలో హైదరాబాదు ఒకటి అన్నది తెలుగువారు చెప్పుకోదగిన సంగతి. పిల్లల టీకాల్లో ఒక్కసారి నొక్కితే పిస్టన్ బిగిసిపోయి మళ్లీ పనికిరాని ఏడీ సిరంజీలను 2005 నుంచి దేశమంతటా ప్రవేశపెట్టారు. 2016 మార్చిలో పాత నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం సూదులు, బ్లేడ్లు, సూది విడిగా రాని సిరంజీలు తెల్లని డబ్బాలో వేయాలి. ఆ డబ్బాకు సూది గుచ్చుకోకూడదు, అది కారకూడదు, దానిని మళ్లీ తెరవడానికి వీలుండకూడదు. శుద్ధికేంద్రంలో వాటిని ఆవిరితోనో పొడివేడితోనో క్రిమిరహితం చేసి, ముక్కలు చేసి, లోహపు కొలిమికి పంపడమో సిమెంటు కాంక్రీటులో మూయడమో జరుగుతుంది. కోవిడ్ కాలంలో 2022 జూలై నాటికి దేశంలో 200 కోట్ల టీకా మోతాదులు పడ్డాయి. అన్ని సూదులకు ఆస్పత్రి వ్యవస్థ దారి చూపగలిగిందంటే ఈ ఏర్పాటు ఉండబట్టే.

మరి ఇంట్లో సూది సంగతి? పాఠకులలో చాలామందికి తెలియని విషయం, ఆ 2016 నిబంధనల్లో ఇంటి ప్రస్తావన స్పష్టంగా ఉంది. ఇళ్లలో వైద్యం చేసుకునేటప్పుడు పుట్టే వ్యర్థాలను వేరుచేసి, వేరే సంచిలోనో డబ్బాలోనో పురపాలక సిబ్బందికి ఇవ్వాలి. పట్టణ స్థానిక సంస్థలు శుద్ధికేంద్రంతో ఒప్పందం చేసుకొని వాటిని అక్కడికి చేర్చాలి. అదే సంవత్సరం ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు కూడా వాడిన సూదులను, సిరంజీలను గృహ ప్రమాదకర వ్యర్థాలలో చేర్చాయి. గడువు తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, పురుగుమందు డబ్బాలు కూడా ఆ వర్గంలోనివే. పట్టణాల్లో ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు వాటి కోసం ఒక సేకరణ కేంద్రం ఉండాలన్నాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో మొదలైన క్లాప్ కార్యక్రమంలో పట్టణ గృహాలకు మూడు రంగుల బుట్టలు ఇచ్చారు. అందులో ఎరుపు బుట్ట ఇటువంటి ప్రమాదకర వ్యర్థాల కోసమే. ఎంతమంది ఎరుపు బుట్టలో బియ్యం పోసుకున్నారో నేను లెక్కపెట్టలేదు కాని, అది ఏ పనికో తెలియనివారిని చాలామందిని చూశాను.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఎక్కడెక్కడ వర్తిస్తాయో చెప్పే జాబితాలో పురపాలక సంఘాలున్నాయి, జనాభా లెక్కల పట్టణాలున్నాయి, రైల్వేలు, విమానాశ్రయాలు, రేవులు, ప్రత్యేక ఆర్థిక మండళ్లు ఉన్నాయి. సాధారణ గ్రామ పంచాయతీ లేదు. దీని అర్థం మన మండలానికి అన్వయించుకోండి. కృష్ణపట్నం రేవు ఆవరణలో ఒక ఉద్యోగి పారవేసిన సూదికి నిబంధన వర్తించింది. ప్రహరీ దాటి బయటి పల్లెలో అదే ఉద్యోగి తల్లి వేసుకున్న ఇన్సులిన్ సూదికి వర్తించలేదు. రక్తం అదే, క్రిమి అదే, గుచ్చుకుంటే కలిగే నష్టం అదే. గ్రామాల్లో పంచాయతీలు చెత్త నుంచి సంపద తయారుచేసే కేంద్రాలు నడుపుతున్నాయి, గ్రీన్ అంబాసిడర్లు ఇంటింటికీ వచ్చి తడి, పొడి చెత్తలను తీసుకుపోతున్నారు. ఆ బండిలో సూదికి చోటు లేదు. చోటు లేనందున అది పొడిచెత్తలో కలిసి వస్తుంది. కేంద్రంలో పొడిచెత్తను చేతులతో ఏరి వేరుచేస్తారు.

సూదులు ఎన్ని ఉంటాయో ఒక్క చిన్న లెక్క. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకునే మనిషి ప్రతిసారీ కొత్త సూది వాడితే ఏడాదికి 730. ఒకే సూదిని మూడు నాలుగుసార్లు వాడేవారే మన వద్ద ఎక్కువ అనుకున్నా సుమారు రెండు వందలు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో ప్రకటించింది. అందరూ ఇన్సులిన్ వాడరు, నిజమే. కాని గ్లూకోమీటరు కోసం వేలు గుచ్చుకునే లాన్సెట్ కూడా సూదే. పల్లె ఇంట్లో ఇంకా కొన్ని సూదులుంటాయి. గేదెకు జ్వరమొస్తే పశువైద్యుడు వేసినవి, పాలు చేపడానికి కొందరు అక్రమంగా వాడే ఆక్సిటోసిన్ తాలూకువి. కొట్టంలో పేడతో కలిసి పొలానికి చేరిన సూది నాట్లు వేసే ఆడవారి పాదంలో దిగుతుంది. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది కనుక ఒక ముచ్చట. మన దేశంలో చేపలకు కూడా సూదిమందు ఉంది. 1957 జూలై 10న హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఎక్కించి మేజర్ కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ రోజును ఇప్పటికీ మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నారు. హేచరీల్లో వాడే సూదులకు కూడా ఈ వ్యాసంలో చెప్పినదంతా వర్తిస్తుంది.

గుచ్చుకుంటే ఏమవుతుంది? భయపెట్టడం నా ఉద్దేశం కాదు, ఉన్నది చెబుతాను. రోగి ఒంట్లోనుంచి అప్పుడే తీసిన సూది ఆస్పత్రి సిబ్బందికి గుచ్చుకున్నప్పటి లెక్కలు ఇవి. ఆ రోగికి హెచ్ఐవీ ఉంటే అది సోకే అవకాశం వెయ్యిలో మూడు. హెపటైటిస్ సి అయితే నూటికి రెండు. హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోనివారికి నూటికి 30 వరకు. చెత్తలో రోజుల తరబడి పడి ఉన్న సూదితో ముప్పు ఇంతకంటె తక్కువ. చెత్త సూది వల్ల హెచ్ఐవీ సోకడం అత్యంత అరుదు. కాని హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానిని మరచిపోవద్దు. హెచ్ఐవీ పేరు చెబితే వణికే జనం హెపటైటిస్ బి పేరు చెబితే చెవికెక్కించుకోరు.

ఈ హెపటైటిస్ బి కథలో మన జిల్లా పేరు గౌరవంగా నిలిచి ఉంది. దాని టీకా విదేశాల నుంచి దిగుమతి అవుతూ సామాన్యుడికి అందని ధరలో ఉన్న రోజుల్లో, నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించి, 1997లో ఆ టీకాను దేశీయంగా తయారుచేయించి మార్కెట్లోకి తెచ్చారు. ధర ఎన్నో రెట్లు తగ్గింది. పిల్లల టీకాల పట్టికలో ఇది దేశమంతటా చేరినది 2011లో. దీనివల్ల ఏమైందంటే, ఇప్పటి చిన్న పిల్లలకు రక్షణ ఉంది. మన వీధి ఊడ్చే నలభై, యాభై ఏళ్ల మనిషికి లేదు, ఎవరో ప్రత్యేకంగా వేయిస్తే తప్ప. ఆస్పత్రి వ్యర్థాలు మోసేవారికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలని 2016 నిబంధన చెబుతున్నది. మన ఇంటి సూదులను మోసే పంచాయతీ కార్మికురాలు ఆస్పత్రి సిబ్బంది కాదు కనుక ఆ నిబంధన ఆమె దాకా రాలేదు. మూడు మోతాదులు, మొదటి రోజున, నెలకు, ఆరు నెలలకు. దీనికి అయ్యే ఖర్చు ఏ పంచాయతీకైనా భారమని నేను అనుకోను.

ఇక మీరు ఇంట్లో చేయవలసినది. బట్టలుతికే ద్రవం గాని, మరుగుదొడ్డి కడిగే ద్రవం గాని వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా ఖాళీ అయినప్పుడు పారవేయకండి. బాగా కడిగి ఆరబెట్టి, దాని మీద "వాడిన సూదులు, తెరవవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి, ఇన్సులిన్ వేసుకునే చోటనే, పిల్లల చేతికి అందని ఎత్తులో పెట్టుకోండి. మూత బిగించే ఇనుప డబ్బా అయినా సరిపోతుంది. మంచినీళ్ల సీసా, పాల కవరు, అట్టపెట్టె పనికిరావు. వాటిలోనుంచి సూది బయటికి పొడుచుకొస్తుంది. సూది ఒంట్లోనుంచి తీసిన మరుక్షణం అది నేరుగా సీసాలో పడాలి. బల్ల మీద పెట్టి తరువాత తీద్దామనుకున్నప్పుడే మనవడి చేతికి దొరుకుతుంది. సూది విడిగా రాని ఇన్సులిన్ సిరంజిని మొత్తంగా వేయాలి. పెన్ వాడేవారు లోపలి చిన్న తొడుగును మళ్లీ తొడగకూడదు, వేళ్లు గుచ్చుకునేది అక్కడే. వెలుపలి పెద్ద తొడుగును బల్ల మీద నిలబెట్టి, పెన్‌ను దానిలోకి దించి, తిప్పి సూదిని ఊడదీసి తొడుగుతో సహా వేయండి. సీసా ముప్పాతిక నిండగానే మూత బిగించి చుట్టూ టేపు వేయండి. నిండా కుక్కవద్దు.

సూదులను పొయ్యిలో వేస్తే ప్లాస్టిక్ కాలి విషవాయువు వస్తుంది, లోహపు మొన అట్లే మిగిలి బూడిదతో పాటు పెరట్లో చేరుతుంది. మరుగుదొడ్డిలో వేస్తే సెప్టిక్ ట్యాంకు శుభ్రంచేసే మనిషికి గుచ్చుకుంటుంది. పెరట్లో పాతిపెడితే చాలదా అని అడిగినవారున్నారు. మనది ఇసుక నేల, రెండడుగులు తవ్వితే నీరు. 2015 నవంబరు వరదలను నెల్లూరువారు మరచి ఉండరు. అటువంటి వాన ఒక్కటి పడితే పాతినది పైకి వస్తుంది. నిబంధనలు అనుమతించే గొయ్యి కాంక్రీటుతో కట్టినది, ఇంటి పెరట్లో గుంత కాదు. పాతసామాను కొనేవాడికి సిరంజీలు అమ్మితే వచ్చేది నాలుగు రూపాయలు. అవి పోయే చోటు గురించి మోడాసా దగ్గర చెప్పాను.

టేపు వేసిన సీసాను ఎక్కడ ఇవ్వాలి? పట్టణంలో ఉన్నవారు పురపాలక సిబ్బందికి విడిగా, చేతికి చూపించి, "ఇందులో సూదులున్నాయి అమ్మా" అని చెప్పి ఇవ్వాలి. పల్లెలో ఉన్నవారికి నేను చెప్పే దారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. అక్కడ తెల్లని డబ్బా ఉంటుంది, శుద్ధికేంద్రం బండి వచ్చి దానిని తీసుకుపోయే ఏర్పాటు ఉంటుంది. మీ సీసా ఆ దారిలో చేరితే చాలు. మందుల కోసమో బీపీ చూపించుకోవడానికో ఎటూ పోతారు కదా, అప్పుడు వెంట తీసుకుపోండి. తీసుకుంటారా అని ముందుగా ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్మునో అడగండి. ఇళ్ల సూదులు తీసుకోవడం మా పని కాదని చెబితే గొడవపడవద్దు. అక్కడ పనిచేసేవారికీ పైనుంచి వ్రాతపూర్వకమైన ఆదేశం కావాలి, ఆ ఇబ్బంది నాకు తెలుసు. ఆ మాటను గ్రామసభలో పెట్టండి. నెలకు ఒక రోజు సూదుల సీసాలు తీసుకోవడానికి ఆరోగ్య కేంద్రంతో పంచాయతీ ఒప్పుదల చేసుకోవచ్చు. పారిశుధ్యం పంచాయతీ బాధ్యతే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2008 సెప్టెంబరు నుంచి ఇంటి సూదులను చెత్తలో వేయడాన్నే నిషేధించింది. బ్రిటన్‌లో వైద్యుడు ఇన్సులిన్‌తో పాటు పసుపుపచ్చ సూదుల డబ్బాను కూడా చీటీ మీద రాసిస్తాడు. మన దుకాణాల్లో ఇన్సులిన్ సీసా అమ్మేవారు ఖాళీ డబ్బా ఒకటి ఇచ్చి నిండినది తీసుకుంటే ఎంత బాగుండునో.

చివరగా, ఎవరికైనా చెత్తలోని సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండవద్దు, నోటితో పీల్చవద్దు, స్పిరిటు పోసి రుద్దవద్దు. ధారగా పడే నీటి కింద సబ్బుతో బాగా కడిగి, అదే రోజున ఆస్పత్రికి పోవాలి. ధనుర్వాతం సూది, హెపటైటిస్ బి టీకా అవసరమా అన్నది అక్కడ చూస్తారు. హెచ్ఐవీ మందు అవసరమని వైద్యుడు తలిస్తే రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు మానకుండా వాడాలి. ఈ మందులు పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి. మీ వీధికి బండి తెచ్చే అమ్మాయికి ఈ నాలుగు మాటలు చెప్పి ఉంచండి. ఆమెకు హెపటైటిస్ బి టీకా పడిందో లేదో కూడా అడగండి.